కొనేవారికి హెచ్చరిక: ‘అసలు ముగింపుతో సహా’ అన్న చీటీని నమ్మి ఈ సినిమా డిస్కు కొనకండి

విశాఖపట్నంలో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ నవలనూ, దాని ఆధారంగా తీసిన సినిమా డీవీడీనీ జతగా కట్టి అమ్ముతున్నారు. ఆ జత కొనాలనుకునేవారు డబ్బు చెల్లించే ముందు ఈ వివరాలు చదవవలసిందిగా మనవి. ముగింపును విప్పి చెప్పకుండా ఈ ఫిర్యాదు రాయడం సాధ్యం కాదు కనుక, నవల ఇంకా చదవనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నేను కొన్నది డాబాగార్డెన్స్ వైపు పాత పుస్తకాలూ డిస్కులూ అమ్మే ఒక దుకాణంలో. డబ్బా వెనక అసలు వివరాలు అచ్చయిన చోట దుకాణం వారు సొంతంగా ఒక తెల్ల చీటీ అంటించి, ‘నవలలో ఉన్నది ఉన్నట్టుగా, అసలు ముగింపుతో సహా’ అని రాశారు. విడిగా డిస్కుకు అడిగే ధర కంటే జతకు బాగా ఎక్కువ పుచ్చుకున్నది ఆ మాట చూపించే. ఇంటికి తెచ్చి చీటీ అంచును గోటితో లేపి చూస్తే, దాని కింద 2వ రీజియన్ గుర్తు (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె) కనిపించింది. అంటే అది యూరప్, జపాన్ వంటి చోట్ల మార్కెట్ కోసం తయారైన డిస్కు. మన దేశం 5వ రీజియన్‌లోకి వస్తుంది కాబట్టి, ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్లు చాలావరకు దాన్ని ఆడించవు. ఆ ఇబ్బందిని ఎలాగో దాటవచ్చు గాని, చీటీ మీది మాట అబద్ధం కావడాన్ని దాటే దారి లేదు.

ఉంబెర్తో ఎకో 1980లో ఇటాలియన్‌లో ప్రచురించిన ఈ నవల, 1327లో ఉత్తర ఇటలీలోని ఒక మఠంలో వరుసగా జరిగే సన్యాసుల మరణాల కథ. మఠానికి వచ్చే మతవిచారణాధికారి బెర్నార్ గుయ్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. నవలలో అతడు ఒక పేద పల్లె పిల్లను మంత్రగత్తెగా తేల్చి, తక్కిన బందీలతో పాటు వెంట తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ పిల్లకు చితి తప్పదని, మరణాలపై విచారణ చేస్తున్న సన్యాసి విలియం వెంట ఉన్న యువ శిష్యుడు ఆద్సోకు తెలుసు, చదివే మనకూ తెలుసు, అయినా ఆమెను ఎవరూ కాపాడలేరు. మఠమేమో తన గ్రంథాలయంతో సహా మూడు పగళ్ళూ మూడు రాత్రులూ తగలబడుతుంది. హంతకుణ్ణి పట్టుకున్న విలియం, తాను ఊహించుకున్న పథకమంటూ ఏదీ లేదనీ, తప్పుడు తర్కంతో నడుస్తూ యాదృచ్ఛికంగా నిజం దగ్గరికి చేరాననీ ఒప్పుకుంటాడు. అధికారం శిక్ష లేకుండా తప్పుకోవడం, తెలివి ఓడిపోవడం, గ్రంథాలయం బూడిద కావడం అనే ఈ మూడూ కలిస్తేనే ఆ నవలకు అంత చీకటి, అంత బరువు.

1986లో జాన్ జాక్ అనో తీసిన సినిమాలో ఈ చీకటి చివరి ఘట్టం దాకా బాగానే నిలిచింది. మఠం గోడల చలి తెర మీద కనిపిస్తుంది, సన్యాసుల ముఖాలు మరచిపోలేము, విలియంగా షాన్ కానరీ నటనకు బ్రిటన్ సినిమా పురస్కారమైన బాఫ్టా రావడం న్యాయమే. కాని మంటలు లేచిన సమయానికి పల్లె జనం తిరగబడి చితి మీది పిల్లను రక్షిస్తారు. పారిపోతున్న గుయ్ బండిని వారే తోసేస్తే, అతడు కింద ఉన్న ఇనుప మొనల మీద పడి చస్తాడు. చరిత్రలోని గుయ్ 1331 దాకా బతికి, పదవులు అనుభవించి పోయాడు. విలియం ఒప్పుకోలు సినిమాలో ఎక్కడా వినిపించదు. ఆఖరి రీలులో విలన్ చావాలి, ఆడపిల్ల బతకాలి అన్న లెక్క మన జగదాంబ సెంటర్ హాళ్ళలో ఎప్పటి నుంచో చూస్తున్నదే. దాని కోసం పద్నాలుగో శతాబ్దపు మఠం దాకా వెళ్ళనక్కరలేదు.

దర్శకుణ్ణి మోసగాడనడం మాత్రం అన్యాయం. ఎకో నవలను చెరిపి, దాని మీద మళ్ళీ రాసిన ప్రతి ఇది అని సినిమా తన మొదటి అక్షరాలలోనే చెప్పుకుంటుంది. సినిమా దాచని విషయాన్ని చీటీ దాచింది. తిరిగి ఇవ్వబోతే ఆ దుకాణదారు, ‘సినిమా అన్నాక మార్చకుండా ఎలా తీస్తారండీ’ అన్నారు. ఆ మాటే చీటీ మీద రాసి ఉంటే నాకు ఏ పేచీ ఉండేది కాదు. డబ్బు వెనక్కి ఇవ్వనని, కావాలంటే మరో డిస్కు తీసుకెళ్ళమని చెప్పి పంపేశారు.

ముగింపు నచ్చకపోవడం వస్తువులో లోపం కాదు కనుక, ఆ కారణం చూపి డబ్బు అడిగితే ఎక్కడా నిలవదు. లేనిది ఉన్నదని రాసి అమ్మడం మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రశ్నించదగిన వ్యవహారం. ఇప్పటికే కొన్నవారు చీటీని పీకిపారేయకుండా ఫొటో తీసి, బిల్లుతో కలిపి భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళదలిస్తే రెండేళ్ళ గడువు ఉంటుంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. ఇంకా కొననివారు నవలను మాత్రమే విడిగా అడగండి. సినిమా కూడా చూడాలనుకుంటే 5వ రీజియన్ గుర్తు ఉన్న డిస్కు ఉందో లేదో చీటీ లేపించి మరీ చూసుకోండి.