డైమండ్ సెల్ కొనేముందు క్లోరైడ్ చూసుకోండి

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫార్మా ఎఫ్ల్యూయెంట్ (ఫ్యాక్టరీ వదిలే మురుగునీరు) చూసే ల్యాబుల కోసం, ఆ నీటిలోని ఆర్గానిక్‌ని కరెంటుతో కాల్చే డైమండ్ సెల్ మీద ఈ సమీక్ష. 70 చదరపు సెంటీమీటర్ల బోరాన్ డోప్డ్ డైమండ్ ఆనోడ్ (లోహపు ప్లేటు మీద బోరాన్ కలిపిన డైమండ్ పూత), స్టెయిన్‌లెస్ స్టీల్ కాథోడ్, మధ్యలో గాస్కెట్, ఒక పంపు, డీసీ రెక్టిఫయర్: బెంచ్ సెట్టు ఇంతే.

పని మాత్రం గట్టిగానే చేస్తుంది. ఈ ఆనోడ్ మీద ఆక్సిజన్ బుడగలు అంత తేలిగ్గా రావు, 2.3 వోల్టుల దాకా లాగాలి. దానివల్ల నీటి నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ ఉపరితలానికి అతుక్కోకుండా వదులుగా ఉండి, దగ్గరికొచ్చిన ఆర్గానిక్‌ని కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చేస్తాయి. 2007లో వెలువడిన కొలతల్లో పటాన్‌చెరు కామన్ ప్లాంటు శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. దాకా తేలింది. బ్యాక్టీరియాతో శుద్ధి చేసే బయాలజీ ట్యాంకుకు లొంగని అలాంటి మందుల మీదే ఈ సెల్ విలువ తెలుస్తుంది.

ఇక కరెంటు లెక్క. సీఓడీ అంటే నీటిలోని ఆర్గానిక్‌ని ఆక్సిడైజ్ చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. గ్రాము సీఓడీకి 3.35 ఆంపియర్ అవర్లు పడుతుంది. లీటరుకు 3000 మి.గ్రా. సీఓడీ ఉన్న నీళ్లు 2 లీటర్లు తీసుకుంటే 6 గ్రాములు, అంటే 20 ఆంపియర్ అవర్లు. చదరపు సెంటీమీటరుకు 50 మిల్లీఆంపియర్లు పెడితే సెల్ 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది, దాదాపు ఐదు ముప్పావు గంటల్లో అయిపోవాలి. కాగితం మీద! మామూలు సర్క్యులేషన్‌లో సీఓడీ 2000కి దిగేసరికి ఆనోడ్ దగ్గరికి చేరే ఆర్గానిక్ ఆ కరెంటుకి చాలదు, మిగిలిందంతా ఆక్సిజన్ బుడగలకే పోతుంది. అందుకే కరెంటు మెట్లుమెట్లుగా దించాలి. సీఓడీ 1000 దగ్గర చదరపు సెంటీమీటరుకు 25 మిల్లీఆంపియర్లకి మించి పెట్టడం దండగ. 5 వోల్టులు, సగం ఎఫిషియన్సీ అనుకున్నా కిలో సీఓడీకి 33 యూనిట్లు దాటుతుంది. మొత్తం ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు దీనికి తగిలిద్దామనుకునేవాళ్లు ముందు ఈ బిల్లు వేసుకోవాలి.

అసలు తలనొప్పి క్లోరైడ్. మదర్ లిక్కర్‌లో (మందు స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవం) ఉప్పు ఉంటే సీఓడీ చకచకా పడిపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల మాత్రం హైపోక్లోరైట్, క్లోరిన్ ఎక్కిన ఆర్గానిక్స్, ఇంకా నడిపితే క్లోరేట్, పర్‌క్లోరేట్ తయారవుతాయి. సీఓడీ రిపోర్టు ఒక్కటే చూసి మెచ్చుకోకండి, టీఓసీ (మొత్తం ఆర్గానిక్ కార్బన్), ఏఓఎక్స్ (క్లోరిన్ లాంటివి ఎక్కిన ఆర్గానిక్స్ కొలత) కూడా అడగండి. సీఓడీ పరీక్షకీ తిప్పలే. క్లోరైడ్ డైక్రోమేట్‌ని తినేస్తుంది కాబట్టి మెర్క్యురిక్ సల్ఫేట్ తప్పదు. శాంపిల్‌లో ఆక్సిడెంట్ మిగిలిందేమో స్టార్చ్ అయొడైడ్ పేపరుతో చూసి, ఉంటే దాన్ని పోగొట్టడానికి బైసల్ఫైట్ కొద్దికొద్దిగా వేయాలి, ఎక్కువైతే అదే సీఓడీగా కనబడుతుంది. ఉప్పు లేని నీటికి కండక్టివిటీ కావాలంటే సోడియం సల్ఫేట్ లీటరుకు 7 గ్రాములు చాలు.

మన బోరు నీళ్ల కాఠిన్యం కాథోడ్ మీద తెల్లటి పెచ్చుగా కడుతుంది. కరెంటు మార్చకపోయినా వోల్టేజీ పాకుతోందంటే చాలాసార్లు అదే కారణం. 5 శాతం నైట్రిక్ యాసిడ్ సర్క్యులేట్ చేస్తే కరిగిపోతుంది. హైడ్రోక్లోరిక్ వద్దు, స్టీలు తింటుంది. పొలారిటీ తిప్పితే పెచ్చు రాలుతుందని చెబుతారు, నిజమే, కానీ రెండు ప్లేట్లూ డైమండ్ అయితేనే. స్టీల్ కాథోడ్‌ని ఆనోడ్ చేస్తే ఐరన్, క్రోమియం, నికెల్ మీ నీళ్లలోకే దిగుతాయి.

పూత కింద ఏ లోహం ఉందో అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. నియోబియం ధర ఎక్కువైనా నా ఓటు దానికే. టైటానియం మీద డైమండ్ పొర పెచ్చులూడే ప్రమాదం ఎక్కువ. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లయితే నియోబియాన్నీ నమ్మొద్దు, పిన్‌హోల్ గుండా దూరి పూత కింద తొలుస్తుంది.

3.5 ఆంపియర్ల దగ్గర గంటకు దాదాపు 1.6 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ట్యాంకు మూత బిగించకుండా వెంట్ ట్యూబుని ఫ్యూమ్ హుడ్‌లోకి పెట్టండి. నురగ వచ్చే శాంపిల్ అయితే ట్యాంకుని సగానికి మించి నింపొద్దు, లేకపోతే నురగ వెంట్‌లోకి ఎక్కి ట్యూబు మూసుకుపోతుంది.