నెల్లూరు ఆటోనగర్‌లో ఫ్యూయల్ పంపు పని: గేజి పెట్టి చూపించిన షెడ్డు

పెట్రోలు కారుకి ఫ్యూయల్ పంపు (ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు తోసే పంపు) పని పడితే నెల్లూరు ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకే పొమ్మని మా వాళ్లందరికీ చెప్తున్నాను. ఇక్కడ పంపు పోయిందని నోటిమాటగా తేల్చరు, పెట్రోలు ప్రెషర్ కొలిచే గేజి పెట్టి మన కళ్లకి చూపిస్తారు.

మాది ఆరేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. పొద్దున పూట ఏ బాధా లేదు. మధ్యాహ్నం ఏసీ వేసుకుని కావలి నుంచి నెల్లూరు వస్తుంటే హైవే మీద ఉన్నట్టుండి లాగడం మానేసేది. పక్కకి తీసి చల్లారనిస్తే మళ్లీ మామూలే. పిల్లల్ని ఎక్కించుకుని లారీల మధ్య అట్లా ఆగిపోతే ఎంత భయమో పడినవాళ్లకి తెలుసు. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. ఒక సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టారు, లోపం చెప్పే కోడ్ ఏదీ రాలేదు. అయినా పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలని పదకొండు వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ప్రెషర్ ఎంతుందని అడిగితే జవాబు లేదు.

షెడ్డు మేస్త్రీ ముందుగా అడిగిన మాట, "రీకాల్‌లో ఉందేమో చూసుకున్నారా సార్?" మంచి ప్రశ్న. 2020 జూలైలో మారుతి 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనో కార్లని, 2024 అక్టోబరులో హోండా 90,468 కార్లని ఈ పంపులో లోపం కోసమే వెనక్కి పిలిచాయి. అట్లాంటి బండికి పంపు ఉచితంగా మారుస్తారు. కంపెనీ సైట్లో ఛాసిస్ నంబరు కొడితే తెలిసిపోతుంది. మాది అందులో లేదు.

తర్వాత గేజి తగిలించాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు మూడు బార్ మీద నిలబడింది. ఇంజన్ బాగా వేడెక్కేసరికి మెల్లగా రెండు బార్‌కి కిందికి జారింది. వెనక సీటు ఎత్తి, పంపు మూత చుట్టూ ఉన్న దుమ్మంతా బ్రష్‌తో ఊడ్చి, గాలి కొట్టాకే రింగు విప్పాడు, లేకపోతే ఆ ఇసకంతా ట్యాంకులో పడుతుంది. కనెక్టర్‌లో ఒక పిన్ను కాలి గోధుమరంగుకి తిరిగింది. పంపుకి పెట్రోలు వడగట్టే జల్లెడ నల్లగా మడ్డి పట్టి ఉంది. "అసెంబ్లీ మార్చబన్లా సార్, మోటారూ, జల్లెడా, ఈ కనెక్టరూ ఏస్తే సాలు" అన్నాడు. అన్నీ కలిపి, కూలితో సహా 4,300 అయింది. పాత సామాను సంచిలో వేసి ఇచ్చాడు. ఈ ఎండాకాలమంతా తిప్పాము, ఒక్కసారీ ఆగలేదు.

పంపు మోటారుని చల్లబరిచేది ట్యాంకులో ఉన్న పెట్రోలే. రెండొందలకీ మూడొందలకీ పోయించుకుని ఎప్పుడూ రిజర్వు మీదే తిప్పే బండ్లకి మోటారు తొందరగా పోతుందని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. మా తమ్ముడికి అదే చెప్పాను.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. బిల్లు తెల్లకాగితం మీద రాసిస్తారు, మోటారుకి వారంటీ కావాలంటే కొన్న షాపు బిల్లు మనమే అడిగి తీసుకోవాలి. కూర్చునే చోటు లేదు, ఆడవాళ్లకి మరీ ఇబ్బంది.

పొద్దున్నే పోతే మధ్యాహ్నానికి బండి చేతికొస్తుంది. ట్యాంకు నిండా పోయించుకుని మాత్రం పోకండి, పంపు పైకి తీసేటప్పుడు పెట్రోలు సీటు కిందికి పొర్లుతుంది.