హైదరాబాద్‌లో బోటు జీపీఎస్ కొనేవాళ్లు డబ్బులు ఇచ్చే ముందు ఇది చదవండి

మాది కాకినాడ, నేను ఉండేది కూకట్‌పల్లిలో. మా బావకి ఫైబర్ బోటు ఉంది, వేటకి వెళ్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లోనే అందరూ బోట్లు, వలలు బాగుచేయించుకుంటారు, బావ కూడా "ఈసారి మంచి జీపీఎస్ ఒకటి వేద్దాంరా, హైదరాబాద్‌లో తక్కువకి దొరుకుతాయంట" అంటే సరే అని రాణిగంజ్ వైపు ఒక షాపుకి ఇద్దరం వెళ్లాం. ఏడంగుళాల స్క్రీన్, మ్యాపూ లోతూ రెండూ చూపిస్తుంది, 42 వేలు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు పెట్టట్లేదు, కానీ జరిగింది మాత్రం మొత్తం రాస్తున్నా, ఎందుకంటే ఆ డబ్బాని నమ్ముకుని చీకట్లో సముద్రం మీదకి వెళ్లేవాళ్లు ఉన్నారు.

షాపు సెల్లార్‌లో ఉంది. అతను ఆన్ చేసి "మీ కాకినాడే చూడండి సార్" అని మ్యాపు చూపించాడు. చిన్న బోటు బొమ్మ కదులుతోంది, స్పీడు 6 నాట్లు (సముద్రం మీద వేగాన్ని నాట్లలో చెప్తారు), లోతు వస్తోంది, చేపల గుర్తులు, పైన 12 శాటిలైట్లు. మేం మురిసిపోయాం. ఒక్కసారి ఆలోచించండి, నెత్తిమీద మూడంతస్తుల స్లాబు, నా ఫోన్‌కే సిగ్నల్ లేదు, చుక్క నీళ్లు లేవు, లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ అట్టపెట్టెలోంచి బయటికే తీయలేదు, మరి ఆ అంకెలన్నీ ఎక్కడివి? అది సిమ్యులేటర్ మోడ్. మెషీన్ సొంతంగా కల్పించి చూపించే బొమ్మలాట. జీపీఎస్‌కి ఆకాశం కనపడాలి, సెల్లార్‌లో 12 శాటిలైట్లు దొరకవు.

అతను దాన్ని ఆఫ్ చేయకుండానే ప్యాక్ చేసి ఇచ్చేశాడు, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ తీసుకెళ్లి బిగించాం. నిషేధం అయ్యాక మొదటిసారి బావా ఇంకో ఇద్దరూ తెల్లవారుజామున 3 గంటలకి బయల్దేరారు. స్క్రీన్ మీద దారి చక్కగా వస్తోంది. కొంత దూరం పోయాక వాకలపూడి లైట్‌హౌస్ వెలుగు చూస్తే బావకి అనుమానం వచ్చింది, లైటు ఉన్న దిక్కుకీ స్క్రీన్ చెప్పే చోటుకీ పొంతన లేదు. వెంటనే ఇంజిన్ ఆపేసి లంగరు వేశాడు. బోటు నిలబడింది. స్క్రీన్ మీద బొమ్మ బోటు మాత్రం అదే 6 నాట్లతో పోతూనే ఉంది. ఆ మాట ఫోన్లో బావ చెప్తుంటే నాకు కాళ్లు వణికాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నోడు కాబట్టి లైటుని చూశాడు, దిక్సూచి చూసుకుని వెనక్కి వచ్చేశాడు. కొత్త కుర్రాడైతే? ఆన్ చేసినప్పుడు మూల చిన్నగా సిమ్యులేటర్ అని ఇంగ్లీష్‌లో వస్తుంది, బావకి ఇంగ్లీష్ చదవడం రాదు.

తర్వాత నేను వెళ్లి ఆ మోడ్ తీసేసి చూస్తే అసలు సంగతులు బయటపడ్డాయి. తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తోంది. జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1023 దాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది, అప్‌డేట్ లేని పాత మెషీన్లు తేదీ తప్పు చూపించేది అందుకే. అంటే మాకు కొత్తదని అంటగట్టింది ఎప్పటిదో పాత స్టాకు. తేదీ తప్పైతే అందులో పోటు పాటు టైములు కూడా తప్పే. మ్యాపు కార్డు కూడా ఒరిజినల్ కాదు, కాపీ కొట్టింది.

ఇంకో ప్రమాదం లోతు దగ్గర. మనవాళ్లు బారల్లో లెక్కేస్తారు, బార అంటే ఆరడుగులు. మెషీన్ అడుగుల్లో పెట్టి ఉంది. స్క్రీన్ మీద 12 కనిపిస్తే బావ 12 బారలు అనుకుంటాడు, అంటే 72 అడుగులు, నిజానికి ఉన్నది పన్నెండు అడుగులే. గోదావరి మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, అక్కడ ఈ పొరపాటు జరిగితే బోటు మేటెక్కి కూర్చుంటుంది, అల తగిలితే తిరగబడుతుంది.

అలాగే అక్షాంశ రేఖాంశాల సెట్టింగ్. మన ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు చేపలు దొరికే చోట్ల సమాచారం ఇస్తారు కదా, అందులో డిగ్రీలు నిమిషాలు సెకన్లు అని ఉండి మీ మెషీన్ నిమిషాల పక్కన చుక్క పెట్టి దశాంశాల్లో అడుగుతుంటే అదే అంకె కొట్టేయకండి. 44 నిమిషాల 50 సెకన్లు వేరు, 44.50 నిమిషాలు వేరు, ఈ రెండింటికీ అక్షాంశంలోనే 600 మీటర్లు పైన తేడా వస్తుంది.

కాబట్టి కొనేటప్పుడు, షాపు వాడు ఎంత విసుక్కున్నా సరే, ఒక 12 వోల్ట్ బ్యాటరీ పట్టుకుని మెషీన్‌ని రోడ్డు మీదకి తెమ్మనండి. సిమ్యులేటర్ ఆఫ్ చేయించండి. ఆకాశం కింద నాలుగైదు నిమిషాలు ఆగి, అది చూపించే చోటుని మీ ఫోన్ మ్యాపుతో పోల్చండి, హైదరాబాద్‌లో నిలబడితే హైదరాబాదే రావాలి. తేదీ చూడండి. నాలుగడుగులు నడిచి చూడండి, ఎందుకంటే కదలకపోతే జీపీఎస్‌కి మీరు ఎటు తిరిగి ఉన్నారో తెలీదు, బోటు మీద కూడా అంతే, ఆగినప్పుడు దిక్కు కోసం దిక్సూచినే నమ్మాలి. బిగించేటప్పుడు దిక్సూచికి దూరంగా పెట్టండి, బ్యాటరీ ప్లస్ వైరుకి ఫ్యూజ్ వేయండి, మాకిచ్చిన వైరుకి అది కూడా లేదు. అదే షాపులో శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపేది) కూడా అమ్మజూపారు, ప్రభుత్వ పర్మిషన్ లేకుండా అలాంటివి పెట్టుకుంటే కేసు అవుతుంది, వద్దే వద్దు. ఆపదొస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, బోటు మీద పెయింట్‌తో రాయించండి.

పక్కా జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు లేకుండా రూపాయి ఇవ్వకండి. మాకిచ్చింది ఎస్టిమేట్ అని రాసిన చీటీ, ఇప్పుడు అడిగితే "అమ్మిన సరుకు వాపస్ లేదు భయ్యా" అంటున్నాడు. నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల కంప్లైంట్ పెట్టాను, చీటీ ఫొటో, యూపీఐ రసీదు దాచి ఉంచాను. మా రేవులో ఇంకో ఇద్దరు అదే షాపులో కొన్నారంట, ఇంకా సముద్రంలోకి తీసుకెళ్లలేదు, ఈ శనివారం వెళ్లి వాళ్లవి కూడా ఆన్ చేసి చూడాలి.