చిన్ మౌంట్ మీద ఓస్మో యాక్షన్ 4: ఘాట్ రోడ్లలో చాలాకాలం వాడాక

బైక్ ట్రిప్పులు షూట్ చేయడానికి ఏ కెమెరా కొనాలని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే. మీ హెల్మెట్ ఏది? గడ్డం కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే ఓ మోస్తరు కెమెరాతో కూడా మంచి వీడియో వస్తుంది. ఓపెన్ ఫేస్ అయితే ఎంత ఖరీదైన కెమెరా కొన్నా దాన్ని పెట్టడానికి సరైన చోటు దొరకదు.

నా దగ్గరున్నది డీజేఐ కంపెనీ యాక్షన్ కెమెరా, ఓస్మో యాక్షన్ 4. 2023 ఆగస్టులో విడుదలైంది, ఆ ఏడాది చివర్లో కొన్నాను. బండి సింగిల్ సిలిండర్. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల దారి, విశాఖ - భీమిలి బీచ్ రోడ్డు. ఎక్కువగా ఈ దారుల్లోనే వాడాను. నాకు కావాల్సింది రోడ్డును ఉన్నది ఉన్నట్టు చూపించడం. ఎక్కడ మలుపు మరీ బిగుసుకుంటుందో, ఎక్కడ కంకర పరుచుకుని ఉందో, రేపు అదే దారిలో వెళ్లేవాడికి తెలియాలి. ఈ సమీక్ష అంతా ఆ లెక్కలోనే చదవండి.

అప్పట్లో నేను పోల్చి చూసినవి గోప్రో హీరో 12, ఇన్‌స్టా360 ఎక్స్3. హీరో 12లో 5.3కే రిజల్యూషన్ వస్తుంది, దీంట్లో 4కేతో సరి. అయినా ఇటే మొగ్గాను, కారణం సెన్సర్, అంటే లెన్స్ వెనక వెలుగును పట్టే చిప్. దీని సెన్సర్ 1/1.3 అంగుళాలు, హీరో 12ది 1/1.9, అంటే దీనిదే పెద్దది. మన ఘాట్లలో ఎర్రటి ఎండలోంచి ఒక్కసారిగా చెట్ల గుబురులోకి దూరతాం. అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఇది నిమిషానికోసారి జరుగుతుంది. పెద్ద సెన్సర్ ఆ నీడలో ఉన్న రోడ్డును కూడా కనిపించేలా పట్టుకుంటుంది. రెండో కారణం అయస్కాంతం క్లిప్పు. పెట్రోల్ బంకులో గ్లవ్స్ తీయకుండానే కెమెరా ఊడదీసి జేబులో వేసుకోవచ్చు. వేగం, ఎత్తు వీడియో మీద పడాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గమనించండి: దీంట్లోనూ, హీరో 12లోనూ జీపీఎస్ లేదు. హీరో 13తో గోప్రో దాన్ని మళ్లీ తెచ్చింది.

ఎక్స్3 లాంటి 360 కెమెరా అన్ని వైపులా పడుతుంది, నిజమే. కానీ ఏ వైపు చూపించాలో ఇంటికొచ్చాక కూర్చుని ఎంచుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో తిరిగేవాళ్లకు అంత తీరిక ఉండదు.

ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి షూట్ చేస్తామంటారా, వద్దు. బైక్ ఇంజన్ల బలమైన వైబ్రేషన్ ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్‌ను (వీడియోలో కుదుపును సరిచేసే ఏర్పాటును) పాడు చేయవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే ప్రకటన ఇచ్చింది.

ఇక అసలు విషయం, మౌంటింగ్. హ్యాండిల్ మీద పెడితే ఇంజన్ వణుకు నేరుగా కెమెరాకు ఎక్కుతుంది. స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంటే రోడ్డు నిలకడగా కనిపిస్తుంది, బండి మీటరు, అద్దాలు మాత్రం జెల్లీలా ఊగుతాయి. ఛాతీకి కట్టే పట్టీతో చేతులు, ట్యాంకు బాగా కనిపిస్తాయి గానీ, ముందుకు వంగి నడిపే బండి అయితే ఫ్రేము నిండా ట్యాంకే ఉంటుంది. హెల్మెట్ పైన పెడితే ఎత్తు నుంచి బాగానే కనిపిస్తుంది. కానీ వేగం పెరిగే కొద్దీ గాలి కెమెరాను వెనక్కి నెడుతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

గడ్డం దగ్గర, అంటే చిన్ మౌంట్ మీద పెట్టినప్పుడు ఈ బాధలేవీ లేవు. మన మెడ, భుజాలే ఇంజన్ వణుకును చాలావరకు మింగేస్తాయి. 145 గ్రాముల బరువు తలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. మలుపులో మనం ఎటు చూస్తే కెమెరా అటు చూస్తుంది. చూసేవాడికి తానే బండి నడుపుతున్నట్టు ఉంటుంది.

చిన్ మౌంట్లలో రెండు రకాలు. పట్టీ రకం ఏ ఫుల్ ఫేస్ హెల్మెట్‌కైనా పడుతుంది గానీ గతుకుల్లో జారుతుంది, గడ్డం దగ్గరి వెంట్‌ను (గాలి వచ్చే రంధ్రాన్ని) మూసేస్తుంది. మీ హెల్మెట్ ఆకారానికి తగ్గట్టు చేసిన అతికించే మౌంట్ కొనండి. అతికించే ముందు ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. వీటికి వాడే వీహెచ్‌బీ రకం (రెండు వైపులా గట్టిగా అంటుకునే) టేపు 20 నిమిషాల్లో సగం పట్టు, 72 గంటలకు పూర్తి పట్టు సాధిస్తుంది. శనివారం పొద్దున బయల్దేరాలంటే బుధవారం ఉదయానికల్లా అతికించేయాలి. మ్యాట్ ఫినిష్ హెల్మెట్‌కు టేపు అంత బాగా పట్టదు, వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్క్రూ కోసం హెల్మెట్‌కు రంధ్రం మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చింది రంధ్రం లేని హెల్మెట్‌కు.

కెమెరాకు ఒక సన్నని తాడు కట్టి దాని రెండో కొస హెల్మెట్ పట్టీకి ముడేయండి. చింతూరు ఘాట్‌లో ఒక గుంతలో దిగినప్పుడు నా ప్లాస్టిక్ మౌంటు చేయి పుటుక్కున విరిగింది. కెమెరా తాడుకు వేలాడింది, గీత కూడా పడలేదు. ఆ తర్వాత అల్యూమినియం చేయి ఉన్నదే వాడుతున్నాను.

ఫ్రేము సరిచూసుకోవడం నిలబడి కాదు, బండి మీద కూర్చుని, నడిపేటప్పుడు ఎలా ఉంటామో అలాగే ఉండి చేయాలి. కింద హ్యాండిల్ పై అంచు కాస్త కనిపిస్తే చాలు. రికార్డు అవుతోందో లేదో అనే టెన్షన్‌కు ముందువైపు స్క్రీన్ మంచి మందు. బండి ఆపినప్పుడు అద్దం వైపు కాస్త వంగితే అందులో కనిపిస్తుంది.

శబ్దం గురించి ఎవరూ సరిగా మాట్లాడరు, నాకైతే బొమ్మ కంటే అదే ముఖ్యం. కెమెరా సొంత మైకులు ఊరి వేగంలో పర్వాలేదు. అరవై దాటితే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. చిన్న వైరు మైకును స్పాంజి తొడుగుతో హెల్మెట్ లోపల, చీక్ ప్యాడ్ (చెంప దగ్గరి మెత్త) కింద, నోటి పక్కగా పెడతాను. నోటికి ఎదురుగా పెడితే వెంట్ నుంచి వచ్చే గాలి, మన ఊపిరి రెండూ కొడతాయి. ఇలా పెడితే మాట స్పష్టంగా, ఇంజన్ దూరంగా వినిపిస్తాయి. ఘాట్ ఎక్కేటప్పుడు గేర్ దించిన శబ్దం వినపడకపోతే ఆ ఎక్కుడు ఎంతటిదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? వైరు మైకుకు అడాప్టర్ పెట్టాలంటే పక్క మూత తీయాలి. మూత తీస్తే వాటర్‌ప్రూఫ్ ఉండదు. మూత వేసి ఉంటే కేసు లేకుండానే 18 మీటర్ల లోతు వరకు తట్టుకునే కెమెరా ఇది. అందుకే వానలో మైకు తీసేసి, మూత బిగించి, బొమ్మ మాత్రమే తీస్తాను.

సెట్టింగుల్లో నేను మార్చనివి కొన్ని చెబుతాను. 4కే, సెకనుకు 50 ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రాత్రి ఊళ్లలో దీపాలు మినుకుమనే బాధ తగ్గుతుంది. రాక్‌స్టెడీ (డీజేఐ మామూలు స్టెబిలైజేషన్) ఆన్. హొరైజన్ స్టెడీ (కెమెరా ఎటు వాలినా బొమ్మను సమంగా ఉంచేది) ఆఫ్, ఎందుకంటే అది 2.7కే దాటి పనిచేయదు. పైగా మలుపులో బండి వాలడాన్ని చదును చేసేస్తుంది. ఘాట్ రోడ్డు అందమంతా ఆ వాలులోనే ఉంది. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెళ్లే వెలుగును తగ్గించే నల్లటి అద్దం) బీచ్ రోడ్డుకు బాగుంటుంది. అడవి దారిలో తీసేయండి. నీడలో షటర్ నెమ్మదించి, ప్రతి గతుకూ మసకగా పడుతుంది, ఆ మసకను స్టెబిలైజేషన్ సరిచేయలేదు.

బ్యాటరీ 1770 ఎంఏహెచ్. కంపెనీ చెప్పే 160 నిమిషాలు 1080పీ, 24 ఫ్రేముల లెక్క. నా సెట్టింగుల్లో గంట పైచిలుకు వస్తుంది. మూడు బ్యాటరీలుంటే నిశ్చింత. టీ తాగేలోపు ఫాస్ట్ ఛార్జింగ్ పవర్ బ్యాంకుతో చాలావరకు ఎక్కుతుంది. మే నెల ఎండలో ఏ యాక్షన్ కెమెరాకైనా గాలే ఫ్యాను, కాబట్టి రైల్వే గేటు దగ్గర ఆగితే రికార్డింగు ఆపేయండి. వీ30 గుర్తున్న (సెకనుకు కనీసం 30 ఎంబీ రాసే) మెమరీ కార్డే వాడండి. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ దాకా నిండుతుంది. బీచ్ రోడ్డులో తిరిగి వచ్చిన రాత్రి మూతలన్నీ బిగించి మంచినీళ్లతో కడగండి, ఉప్పు ఉండిపోతే క్లిప్పు బిగుసుకుంటుంది.

నల్లమలలో వెళ్లేవాళ్లకు ఇంకో మాట. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. పగలు కూడా పులుల అభయారణ్యంలో బండి ఆపి షూట్ చేయకూడదు, నడుస్తూ ఎంత పడితే అంతే. రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లు అక్కడి నిబంధనలు కూడా చూసుకోండి. హెల్మెట్‌పై కెమెరా పెడితే జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ తప్పవని 2022లో కేరళ మోటారు వాహనాల శాఖ హెచ్చరించింది. అటు వెళ్లేటప్పుడు చిన్ మౌంట్ తీసి ఛాతీ పట్టీ సర్దుకోవడం మంచిది.