పార్వో వచ్చిన కుక్కపిల్ల: క్లినిక్‌లో ఉంచితే మేలా, ఇంట్లో చూసుకుంటే మేలా?

హైదరాబాద్ బోడుప్పల్‌లో మా గల్లీ కుక్క పెట్టిన పిల్లల్లో రెండింటిని ఇంటికి తెచ్చుకున్నాం. రెండింటికీ పార్వో, అంటే కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చే జబ్బు, సోకింది. మొదటిది పోయింది, రెండోది బతికింది. అప్పటినుంచి ఎవరింట్లో కుక్కపిల్లకి వాంతులైనా నాకే ఫోన్ చేసి, "అడ్మిట్ చేయాలా, ఇంట్లోనే చూసుకోవచ్చా?" అని అడుగుతున్నారు.

మెడికల్ షాపులో మాత్ర కొని వేసే మూడో దారి గురించి ముందే చెప్పేస్తాను. మొదటి పిల్లకి మేం చేసింది అదే. మనుషులకిచ్చే విరేచనాల మాత్ర వేసి రెండు రోజులు చూశాం. ఆ రెండు రోజులే దాని ప్రాణం తీశాయని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పని మాత్రం చేయకండి.

విరేచనం అనగానే కడుపులో ఏదో బ్యాక్టీరియా చేరిందనీ, యాంటీబయాటిక్ వేస్తే తగ్గిపోతుందనీ అనుకుంటాం. కానీ పార్వో ఒక వైరస్. పేగు లోపలి పొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే కణాల మీద, ఎముక మజ్జ మీద అది దాడి చేస్తుంది. దాంతో పేగు పొర ఊడిపోతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అన్నాళ్లూ పేగులో బుద్ధిగా ఉన్న ఇ.కోలై, క్లాస్ట్రీడియం లాంటి బ్యాక్టీరియా చిరిగిన గోడ దాటి రక్తంలోకి దిగుతుంది. డాక్టర్లు యాంటీబయాటిక్ ఇచ్చేది ఈ బ్యాక్టీరియా కోసమే, అది వైరస్‌ని ఏమీ చేయలేదు. ఒంట్లో నీరు, లవణాలు, చక్కెర పడిపోవడం, రక్తంలో ఇన్ఫెక్షన్, పిల్లని చంపేవి ఇవే. కాబట్టి ఎక్కడ ఉంచినా వైద్యం చూడాల్సింది వీటినే.

చికిత్స లేకపోతే పార్వో వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా చనిపోవచ్చు. అడ్మిట్ చేసి నరానికి సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపే ఇంజెక్షన్ ఇస్తూ, పొటాషియం, చక్కెర చూస్తూ ఉంటే ఎక్కువ భాగం బతుకుతాయి. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 40 కుక్కలు. అన్నింటికీ ముందు నరానికి సెలైన్ పెట్టి నిలదొక్కుకునేలా చేశారు. ఆ తర్వాత సగానికి ఆసుపత్రి వైద్యం కొనసాగించారు. మిగతా సగానికి చర్మం కింద సెలైన్, రోజుకోసారి వాంతుల ఇంజెక్షన్, ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఇచ్చారు. మొదటి గుంపులో 90 శాతం, రెండో గుంపులో 80 శాతం బతికాయి. తేడా ఉంది కానీ ఆశ వదులుకునేంత కాదు. అయితే ఆ రెండో గుంపుని చూసుకున్నది కూడా శిక్షణ ఉన్నవాళ్లేనని మర్చిపోకూడదు.

మన సిటీలో ఇక్కడే చిక్కు వస్తుంది. అడ్మిట్ అనగానే రాత్రంతా ఎవరో కనిపెట్టుకుని ఉంటారని నమ్ముతాం. చాలా చిన్న క్లినిక్‌లు రాత్రి షట్టర్ దించేస్తాయి. సెలైన్ అయిపోయినా, గొట్టం ఊడినా పొద్దున దాకా చూసే మనిషి ఉండడు. అలాంటి చోట బోనులో వదిలేయడం కన్నా ఇల్లే మేలని నా గట్టి అభిప్రాయం. "రాత్రి ఎవరుంటారండీ?" అని మొహమాటపడకుండా అడగండి. డాక్టరో, కాంపౌండరో నిజంగా మెలకువగా ఉండే చోటైతే, డబ్బు సర్దగలిగితే, అడ్మిట్‌కే నా ఓటు.

చిగుళ్లు తెల్లబడినా, ఒళ్లు చల్లబడినా, పిల్ల నిలబడలేకపోయినా ఇంట్లో ఉంచే ఆలోచనే వద్దు. ఇంట్లో టీకా పడని ఇంకో కుక్క ఉన్నా అంతే. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని వస్తుంది. ఫినాయిల్‌ని నమ్ముకోలేం. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు మురికి కడిగేసి, ఆ నీళ్లతో తుడిచి పది నిమిషాలు తడిగా వదలాలి. మనుషులకి మాత్రం ఇది అంటదు, చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ టెన్షన్ అక్కర్లేదు.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రెండూ మంచివే. కానీ నీరసించిన పిల్లని ఆటోలో రోజూ ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పడం దానికి ఇంకో జబ్బే. రోజూ తీసుకెళ్లి తీసుకురావాలంటే క్లినిక్ దగ్గర్లో ఉండాలి.

రెండో పిల్ల విషయంలో మేం మధ్యదారి పట్టాం. మొదటి వాంతికే తీసుకెళ్లి టెస్ట్ చేయించాం. పగలు క్లినిక్‌లో సెలైన్, రాత్రి ఇల్లు. నేనూ మా అక్కా వంతులేసుకుని రెండు గంటలకోసారి చిగుళ్లు చూసేవాళ్లం. కడుపు మాడ్చమని పాతకాలంలో చెప్పేవారు. మా డాక్టర్ గారు మాత్రం వాంతులు తగ్గగానే మెత్తగా చేసిన చికెన్ గుజ్జు సిరంజితో కొంచెం కొంచెంగా పట్టమన్నారు. పేగు మళ్లీ పొర కట్టుకోవాలంటే దానికీ తిండి కావాలట. నాలుగో రోజు పొద్దున సిరంజి పక్కకి నెట్టేసి, గిన్నెలో ఉన్నది తనే నాకింది.