శాన్ ఆండ్రియాస్‌కు అభిమానులు చేసిన మరమ్మతు: ఏది వేసుకోవచ్చు, ఏది అక్కర్లేదు

2004 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 మీదకు, 2005 జూన్‌లో కంప్యూటరు మీదకు వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ అనే వీడియో గేమ్ ఇవాళ్టి విండోస్ 11లో కూడా తెరుచుకుంటుంది కానీ కుదురుగా నడవదు. వెడల్పాటి తెర మీద బొమ్మ సాగిపోతుంది, మౌస్ ఒక్కోసారి మొరాయిస్తుంది, రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. ఈ లోపాలను సరిదిద్దే పనిని ఆటను అమ్మిన సంస్థ కంటే దాన్ని ప్రేమించినవారే ఎక్కువ ఓపికతో చేశారు. గుంటూరు లక్ష్మీపురంలోని మా ఇంట్లో, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా లేని మామూలు డెస్క్‌టాప్‌లో, సైలెంట్‌ప్యాచ్, వైడ్‌స్క్రీన్ ఫిక్స్, స్కైజీఎఫ్‌ఎక్స్, మాడ్ లోడర్ అనే నాలుగు మాడ్‌లను (ఆటను మార్చడానికి అభిమానులు చేసిన ఫైళ్లను) వేసి, ఆటను మొదటి నుంచి చివరి దాకా ఆడిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. నాలుగూ ఉచితమే.

మా ప్రాంతంలో ఈ ఆట తెలియనివారు తక్కువ. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ, అటు విజయవాడ గవర్నర్‌పేటలోనూ నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజుల్లో గంటకింత అని కట్టి దీన్ని ఆడినవారిలో చాలామంది అసలు కథ జోలికే పోలేదు. నోటుబుక్కు చివరి పేజీలో రాసుకొచ్చిన చీట్ కోడ్‌లు కొట్టి, ‘హెసోయామ్’తో ఆరోగ్యమూ కవచమూ రెండున్నర లక్షల డాలర్లూ తెచ్చుకుని, గంట అయిపోయేదాకా ఊరంతా తిరిగి లేచి వచ్చేవారు. అలా తిరిగినంతకాలం ఆటలోని లోపాలు పెద్దగా కనబడవు. మిషన్లను వరుసగా పూర్తిచేయాలని కూర్చున్నప్పుడే అవి ఒక్కొక్కటిగా ఎదురవుతాయి.

నాలుగింటిలో మొదట చెప్పవలసింది సైలెంట్‌ప్యాచ్ గురించి. ఇది కొత్త కార్లు ఇవ్వదు, కొత్త తుపాకులు ఇవ్వదు, వేసిన వెంటనే చూస్తే ఏమీ మారినట్టు ఉండదు. ఇది చేసేదంతా తప్పులు దిద్దడమే. కంప్యూటరు వెర్షన్‌లోని ఫ్రేమ్ లిమిటర్ (తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారాలో కట్టడిచేసేది) సెకనుకు 30 ఫ్రేములు ఇవ్వవలసి ఉండగా దాదాపు 25 దగ్గరే ఆగిపోతుంది. ఆ కుంటినడక భరించలేక లిమిటర్‌ను తీసేస్తే ఆటలోని భౌతిక సూత్రాలు ఫ్రేముల లెక్కకు ముడిపడి ఉన్నందువల్ల వేరే చిక్కులు మొదలవుతాయి. వాటిలో అందరికీ తెలిసినది ఈత. నీళ్లలో కథానాయకుడు సీజే ఎంత కొట్టుకున్నా ముందుకు సాగడు, నీటి అడుగున ఈదవలసిన ‘ఆంఫీబియస్ అసాల్ట్’ మిషన్‌లో ఇది ప్రాణాంతకం. సైలెంట్‌ప్యాచ్ లిమిటర్‌ను సరిగ్గా 30 దగ్గర నిలబెడుతుంది కనుక దాన్ని తీసేయవలసిన అవసరమే రాదు. మౌస్‌ను పక్కలకు తిప్పినప్పుడు ఒక వేగం, పైకీ కిందకూ తిప్పినప్పుడు మరో వేగం ఉండే ఇబ్బందినీ, గ్యారేజీలో పెట్టిన కారు మీది పెయింటింగ్ మాయమయ్యే లోపాన్నీ అదే సరిచేస్తుంది. ఇలాంటి దిద్దుబాట్లు ఇందులో చాలా ఉన్నాయి, అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టనవసరం లేదు.

అయితే ఒక్కదాన్ని మాత్రం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మాడ్ వెనకనున్న పనితనం ఎంతటిదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆటలో ‘స్కిమ్మర్’ అనే నీటి విమానం ఉంది. విండోస్ 11కు 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చిన తర్వాత ఆ విమానం కనబడకుండా పోయిందని ఆడేవారు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. ఆటలో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు కనుక తప్పు మైక్రోసాఫ్ట్‌దేనని అనుకోవడం సహజం. సైలెంట్‌ప్యాచ్ రూపకర్త 2025లో దీని మూలం వెతికి పట్టుకుంటే తేలిన సంగతి వేరు. ఆటలోని వాహనాలన్నింటి వివరాలూ ఒక ఫైలులో వరుసగా ఉంటాయి, ఒక్కో వాహనానికి ఒక్కో వరుస, ఆ వరుసలోనే చక్రాల కొలతలు. స్కిమ్మర్ వరుసలో మాత్రం ఆ కొలతలు లేవు. దీనికి ముందు వచ్చిన ‘వైస్ సిటీ’లో ఈ విమానాన్ని పడవల కోవలో చేర్చారు, పడవకు చక్రాలు ఉండవు కదా. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానాల కోవలోకి మార్చినవారు చక్రాల కొలతలు చేర్చడం మరిచిపోయారు. ఆ కొలతలు చదివే కోడ్, తనకు విలువలు దొరికాయో లేదో చూసుకోకుండా, మెమరీలో ఆ చోట అంతకుముందు చదివిన వాహనం వదిలివెళ్లిన విలువలనే స్కిమ్మర్‌కు వాడేసుకుంది. ఆ ముందు వాహనం ఒక వ్యాను. అంటే దాదాపు 20 ఏళ్లపాటు ఈ విమానం ఆ వ్యాను చక్రాల కొలతలను అరువు తెచ్చుకుని ఎగిరింది. కొత్త విండోస్‌లో లోపలి ఫంక్షన్ ఒకటి మెమరీలోని అదే చోటును తన పనికి వాడుకోవడం మొదలుపెట్టేసరికి అరువు విలువలు చెరిగిపోయి, చక్రం కొలతగా అర్థంలేని అంకె వచ్చిపడింది. ఆ విమానంలో ఆటగాడిని బలవంతంగా కూర్చోబెట్టి చూస్తే, 1 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని మీటర్ల ఎత్తుకు వెళ్లిపోయాడట! సైలెంట్‌ప్యాచ్ ఇప్పుడు విలువ లేనిచోట సరైన విలువను తానే పెడుతుంది. డబ్బు తీసుకుని ఆట చేసినవారి కంట పడని లోపాన్ని, డబ్బు తీసుకోని మనిషి ఇంత లోతుకు దిగి పట్టుకున్నాడు. నా కంప్యూటరులో ఉన్నది ఆ కొత్త విండోసే. విమానం మళ్లీ నీటి మీద తేలుతోంది.

వైడ్‌స్క్రీన్ ఫిక్స్ గురించి చెప్పడానికి ఇంత లేదు. ఈ ఆట తయారైన రోజుల్లో బల్ల మీద ఉన్నవి దాదాపు చతురస్రంగా ఉండే గాజు మానిటర్లు. ఆట సెట్టింగులలో వైడ్‌స్క్రీన్ అని ఒక ఎంపిక ఉంది కానీ, దాన్ని ఎంచుకుంటే పక్కలకు కొత్తగా ఏమీ కనబడకపోగా పైనా కిందా కనబడేది తగ్గిపోతుంది, మూలనున్న గుండ్రటి మ్యాపు కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. ఈ మాడ్ వేస్తే మ్యాపు గుండ్రంగా ఉంటుంది, రోడ్డుకు రెండు పక్కలా అదనంగా కనబడుతుంది, అక్షరాలు తగిన పరిమాణంలో ఉంటాయి. దీనికి నేను పెట్టగలిగిన వంక ఏదీ లేదు.

స్కైజీఎఫ్‌ఎక్స్ విషయంలో మాత్రం అభిప్రాయభేదానికి చోటుంది. ప్లేస్టేషన్ 2లో ఆడినవారికి ఆటలోని లాస్ శాంటోస్ అంటే నారింజ రంగు పొగమంచు కమ్మిన నగరం, మధ్యాహ్నపు ఎండకు తారురోడ్డు సెగలు కక్కే నగరం. కంప్యూటరుకు తెచ్చేటప్పుడు ఆ రంగుల పొర చాలావరకు పోయింది. ఈ మాడ్ దాన్ని తిరిగి తెస్తుంది. మే నెలలో బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడినవారికి ఆ రంగు ఎందుకంత నిజంగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. కానీ మా తరంలో ఎక్కువమంది ఈ ఆటను చూసింది నెట్ సెంటరు కంప్యూటరులోనే కనుక, వారికి ఆ వెలిసిన రంగులే అసలు రంగులు. మా తమ్ముడు పది నిమిషాలు చూసి ‘అన్నయ్యా, తెరకు పసుపు పూసినట్టుంది, తీసెయ్’ అన్నాడు. నేను తీయలేదు. దీని సెట్టింగుల ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవలసి రావడం మాత్రం కొత్తవారికి కొంత ఇబ్బందే.

మాడ్ లోడర్ స్వయంగా ఏమీ మార్చదు. మిగతా మాడ్‌లను ఒక ప్రత్యేక ఫోల్డరులో ఉంచితే ఆట అసలు ఫైళ్లను తాకకుండా వాటిని చదివిస్తుంది, వద్దనుకున్నప్పుడు ఆ ఫోల్డరును తీసేస్తే ఆట మళ్లీ యథాస్థితికి వస్తుంది. పూర్వం ఒక్క కారు మార్చాలన్నా అసలు ఫైలునే చెరిపి రాయవలసి వచ్చేది. ఏదైనా తేడా వస్తే ఆటనంతా మళ్లీ ఎక్కించుకోవడం తప్ప దారి ఉండేది కాదు.

ఇప్పుడు వద్దనవలసిన వాటి గురించి. మరమ్మతు మాడ్‌లు వానాకాలానికి ముందు ఇంటి పెంకులు సర్దించడం వంటివైతే, అలంకార మాడ్‌లు కారే కప్పు కింద గోడలకు రంగులు వేయించడం వంటివి. విజయవాడలో ఒక దుకాణం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చిన ‘ఫుల్ మాడ్’ కాపీని ఒక మిత్రుడి దగ్గర చూశాను. అంబాసిడర్ కారు, ఆటో, ఆర్టీసీ బస్సు, మెరిసే రోడ్లు, అద్దంలా నీళ్లు అన్నీ ఉన్నాయి. రేడియో మాత్రం లేదు. ఫైలు పరిమాణం తగ్గించడానికి పాటలను తీసేశారు. శాన్ ఆండ్రియాస్‌లో రేడియో లేకపోతే సగం ఆట లేనట్టే. పైగా ఈ ఆట 256 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ల కోసం లెక్కలు వేసి తయారుచేసినది. దాని మెమరీ పరిమితిని పెంచకుండా అంత బరువైన వాహనాలను ఎక్కిస్తే, కాస్త వేగంగా వెళ్లగానే ముందున్న రోడ్డూ భవనాలూ మాయమై కారు శూన్యంలోకి జారిపోతుంది. ఆ కాపీలో జరిగింది అదే. మన బస్సును ఆ వీధుల్లో నడపాలన్న సరదాను నేను తప్పుపట్టను, అయితే దానికి మాడ్ లోడర్ ద్వారా ఒకటి రెండు వాహనాలు చేర్చుకుంటే సరిపోతుంది.

అభిమానుల పని కన్నా సంస్థ స్వయంగా విడుదల చేసిన కొత్త వెర్షన్ మేలు కదా అని అడిగేవారు ఉంటారు. 2021 నవంబరులో వచ్చిన ‘డెఫినిటివ్ ఎడిషన్’ ఎంత విమర్శకు గురైందంటే, ఈ ఆటను తెచ్చిన రాక్‌స్టార్ సంస్థ తమ ప్రమాణాలకు తగినట్టు అది విడుదల కాలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, అమ్మకం నుంచి తీసేసిన పాత ఆటలను తన సొంత స్టోరులో మళ్లీ పెడతానంది. దూరపు పొగమంచును తొలగించడంతో ఊరి ఈ చివర నుంచి ఆ చివర కనబడి, మహానగరం కాస్తా బొమ్మల కొలువులా మారింది. పాత ఆకాశాన్నీ పాత వెలుగునూ తలపించే ఎంపికను 2024 నవంబరులో గానీ అందులో చేర్చలేదు. స్కైజీఎఫ్‌ఎక్స్ అప్పటికి చాలా ఏళ్ల ముందే ఆ పని చేసి పెట్టింది. అదే 2021లో మాతృసంస్థ టేక్-టూ పలు అభిమాన మాడ్‌లను తొలగించాలని నోటీసులు ఇచ్చింది, ఇదే వరుసలోని పాత ఆటల కోడ్‌ను తిరగరాసిన బృందం మీద కోర్టుకు కూడా వెళ్లింది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ అనే మరో ఆట విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. భారతీయులతో సహా కొత్త నాగరికతలను చేర్చిన ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అనే అభిమానుల మాడ్‌ను 2013లో అధికారిక విస్తరణగా విడుదల చేశారు, ఆ బృందమే తర్వాత స్టూడియోగా మారి 2019 నాటి కొత్త వెర్షన్‌కు పనిచేసింది. ఆడేవారికి ఏ పద్ధతి వల్ల మేలు జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

లోపాలు లేకపోలేదు. 60 ఫ్రేములకు అలవాటుపడిన కళ్లకు 30 ఫ్రేములు మొదట మందకొడిగా అనిపిస్తాయి. అంతకు మించి కావాలంటే ఫ్రేమ్‌రేట్ విజిలాంటీ అనే మరో మాడ్‌ను చేర్చుకోవాలి. కొన్నిసార్లు యాంటీవైరస్ ఈ ఫైళ్లను అనుమానించి అడ్డుకుంటుంది కనుక వాటిని రూపకర్తల సొంత పేజీల నుంచే దింపుకోవాలి, పెన్‌డ్రైవ్ కాపీల నుంచి కాదు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వెర్షన్లది. ఆటలో దాచిపెట్టిన అశ్లీల సన్నివేశం 2005లో ఒక మాడ్ ద్వారా బయటపడి గొడవ అయిన తర్వాత, సంస్థ తెచ్చిన డిస్కులు మాడ్‌లను అడ్డుకున్నాయి. పాటల లైసెన్సులు తీరడంతో 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణపు వెర్షన్‌లో కొన్ని పాటలు తొలగిపోయాయి. అందుచేత మాడ్‌లలో అధికభాగం నేటికీ మొట్టమొదటి 1.0 వెర్షన్ మీదే ఆధారపడతాయి. తర్వాతి వెర్షన్ కొన్నవారు డౌన్‌గ్రేడర్ అనే చిన్న సాధనంతో దానికి మారవలసి ఉంటుంది. మారినప్పుడు కొత్త వెర్షన్‌లోని సేవ్ ఫైళ్లు పాతదానిలో తెరుచుకోవు కనుక, కథ సగం దాకా వచ్చినవారు దాన్ని పూర్తిచేశాకే ఈ పనికి పూనుకోవడం మంచిది.