కిటికీకో కమాను: పాత ఎయిర్ ఇండియా 747 లివరీ వాడి చూశాను

మా బాపు సందూకులో, రద్దయిన పాస్‌పోర్టు కింద, ఒక పోస్టుకార్డు ఉంటుంది. 1982లో మొదటిసారి దుబాయి పోయినప్పుడు విమానంలో సీటు ముందరి జేబులో దొరికిందట. తెల్లటి జంబో, పొడుగునా ఎర్రటి గీతలు, ప్రతి కిటికీ చుట్టూ ఒక ఎర్రటి కమాను. మెట్‌పల్లి పక్క పల్లెలో పెరిగిన నాకు చాలా ఏళ్ల దాకా విమానం అంటే ఆ కార్డే.

ఇప్పుడు హనుమకొండలో నాకు ఫ్లెక్సీలు, రేడియం స్టిక్కర్ల షాపు ఉంది. రాత్రి షట్టర్ దించాక ఇంటికొచ్చి ఎక్స్-ప్లేన్ 12లో, అంటే కంప్యూటర్‌లో అచ్చం నిజంలా విమానం నడిపే ప్రోగ్రాంలో, విమానం నడుపుతాను. నాలుగేళ్లుగా ఇదే అలవాటు. 747-200 మోడల్ డబ్బు పెట్టి కొన్నదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. దానికి పాత ఎయిర్ ఇండియా రంగులు ఎవరో అభిమాని వేసి ఉచితంగా పెట్టాడని తెలిసి, పోయిన నెల దించుకున్నాను. లివరీ అంటే మరేం లేదు, బస్సుకు స్టిక్కరింగ్ ఎలాగో విమానానికి ఇది అలాగ. రోజూ చేసే పనే కాబట్టి నేను దీన్ని ఆ కన్నుతోనే చూశాను.

ముందు ఎక్కించడం గురించి. ఎక్స్-ప్లేన్‌లో ఇది తేలిక. విమానం ఫోల్డర్‌లో లివరీస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, జిప్ విప్పి అందులో పడేస్తే చాలు. నాకు మాత్రం మొదటి రాత్రి లిస్టులో పేరు కనబడుతోంది, ఎంచుకుంటే విమానం తెల్లగా, ఉత్త సున్నం కొట్టిన గోడలా వస్తోంది. గంటన్నర టెన్షన్ పడ్డాను. కారణం చిన్నదే. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ తయారైంది. రంగుల ఫైళ్లుండే ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ ఒక మెట్టు లోపలికి పోయింది, ప్రోగ్రాంకు దొరకలేదు. లోపలి ఫోల్డర్‌ను ఒక మెట్టు బయటికి తెచ్చి పెట్టగానే రంగులొచ్చాయి. మీకూ తెల్ల విమానం వస్తే మొదట ఇదే చూడండి.

ఇక కిటికీలు. ఈ లివరీకి ప్రాణం అక్కడే ఉంది. ఎయిర్ ఇండియా మొదటి 747, ఎంపరర్ అశోక, 1971లో మన దేశానికి వచ్చింది. విమానం వెనక భాగంలో యువర్ ప్యాలెస్ ఇన్ ది స్కై అని రాసేవారు. రాజుల కోటల్లో ఉండే జరోకాల్లాగా కిటికీల చుట్టూ కమాన్లు వేసింది ఆ మాటకు తగ్గట్టే. ఒక్క కమాను గీయడం ఎవరికైనా వస్తుంది. డెబ్బై మీటర్ల విమానం పొడుగునా, రెండు పక్కలా, పై అంతస్తు కిటికీలతో సహా, వంపు ఎక్కడా చెడకుండా వేయాలంటే ఓపిక కావాలి. ఈయనకు ఆ ఓపిక ఉంది. నేను కెమెరాను అద్దానికి ఆనించినంత దగ్గరికి తీసుకుపోయి చూశాను. కమాను కొస దగ్గర గీత సన్నబడి, మళ్లీ పక్క కమానుకు వచ్చేసరికి లావవుతుంది. మా షాపులో ఇంత చిన్న మలుపు కట్ చేయమంటే ప్లాటర్ బ్లేడు వినైల్‌ను చింపేస్తుంది. ఇక్కడ అంత దగ్గరికి పోయినా పిక్సెల్ పగల్లేదు. తలుపులు వచ్చిన చోట వరుస ఆగి, తలుపు దాటాక సరైన ఎడంతో మళ్లీ మొదలవుతుంది. చాలా లివరీల్లో కిటికీల బొమ్మ ఒకటి కాపీ చేసి వరసగా అతికించుకుంటూ పోతారు, తలుపు దగ్గరికి రాగానే దొరికిపోతారు.

ఒక్కచోట ఈయన కూడా తప్పాడు. ఎడమ పక్క, రెక్క వెనక, రెండు టెక్స్చర్ (విమానం మీద అతికించే రంగుల బొమ్మ) ముక్కలు కలిసే చోట ఒక కమాను సగం కిందికి జారింది. దూరం నుంచి కనబడదు. ఒకసారి కనబడ్డాక కన్ను అక్కడికే పోతుంది.

ఎరుపు విషయంలో నాకు పేచీ ఉంది. ఆయన వేసింది మా ఫ్లెక్సీ ఎరుపు: మెజెంటా ఇంకు వంద శాతం, ఎల్లో ఇంకు వంద శాతం. పెళ్లి బ్యానర్‌కు బాగుంటుంది. బాపు కార్డులో ఎరుపు ఇంకొంచెం ముదురు. నలభై ఏళ్ల కార్డు రంగును పూర్తిగా నమ్మకూడదని నాకూ తెలుసు, అందుకే ఎండలో తీసిన పాత విమానాశ్రయం ఫోటోలు కూడా పక్కన పెట్టుకుని చూశాను. అన్నిట్లోనూ ముదురే. ఫోటోషాప్‌లో కొంచెం నలుపు కలిపి నా కాపీలో మార్చుకున్నాను. నా వాడకానికి మాత్రమే, ఇంకొకరి పనిని మార్చి పంచడం పద్ధతి కాదు.

అక్షరాలు: ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క హిందీ. అప్పట్లో ఎయిర్‌కూ ఇండియాకూ మధ్య చిన్న అడ్డగీత ఉండేది, దాన్ని మరిచిపోకుండా పెట్టాడు. హిందీ పక్క మాత్రం కంప్యూటర్‌లో రెడీగా దొరికే ఫాంట్ వాడినట్టుంది, తలగీత మందం ఇంగ్లీషు అక్షరాల మందంతో కలవలేదు. బాణం ఎక్కుపెట్టిన ధనూరాశి గుర్తు (సగం మనిషి, సగం గుర్రం), 1948 నుంచి 2007 దాకా ఆ కంపెనీ వాడిన గుర్తు, చిన్నదే అయినా విల్లు విల్లులాగే, బాణం బాణంలాగే వచ్చింది.

ప్యాక్‌లో రెండు పేర్లున్నాయి, ఎంపరర్ అశోక, ఎంపరర్ రాజేంద్ర చోళ. కృష్ణదేవరాయల పేరుతో కూడా ఒక 747 ఉండేది. మన వాళ్లకు అది ఇస్తే ఎంత బాగుండేదో. అశోకను, అంటే వీటీ-ఈబీడీ అనే రిజిస్ట్రేషన్ నంబరు విమానాన్ని, నేను ఒక్కసారి కూడా ఎగరేయలేదు. 1978 జనవరి 1 రాత్రి ఆ విమానమే బొంబాయి నుంచి దుబాయికి లేచి, కాసేపటికే బాంద్రా దగ్గర సముద్రంలో పడిపోయింది. 213 మంది పోయారు. బాపు బయల్దేరింది నాలుగేళ్ల తర్వాత, అదే బొంబాయి నుంచి, అదే దుబాయికి. నిజామాబాద్‌లో రైలెక్కి మన్మాడ్ మీదుగా పోతుంటే మా నాయినమ్మ స్టేషన్ దాకా వచ్చి ఆ సముద్రంలో పడ్డ విమానం గురించే అడిగిందట. అందుకే నేను చోళుడినే నడుపుతాను.

పోయిన ఆదివారం బాపును పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. బొంబాయి, రన్‌వే 27. ఈ పాత జంబోలో పైలట్లు ఇద్దరు కాక ఫ్లైట్ ఇంజినీర్ కూడా ఉంటాడు, ఆయన ముందు గోడ నిండా మీటర్లే. దారి చెప్పే ఐఎన్‌ఎస్ పెట్టెలో అక్షాంశాలు, రేఖాంశాలు ఒక్కో అంకె నొక్కి పెట్టాలి. అవన్నీ చేస్తుంటే బాపుకు నిద్ర వచ్చింది. బయటి కెమెరా పెట్టగానే లేచి కూర్చున్నాడు.

"గిదే బిడ్డా. గీ కమాన్లే."

కిటికీ సీటు నుంచి చూపిస్తానని కెమెరాను లోపలికి తీసుకుపోయాను. రెక్క, ఇంజిన్లు, కింద సముద్రం. బాపు తల అడ్డంగా ఊపాడు.

"లోపట కూసున్నంక కమాన్లు కనవడయిరా. బస్సు దిగి మెట్లెక్కంగ చూసిన. ముందట శాన మంది, నేను మెట్ల మీదనే నిలవడ్డ. చెయ్యి సాపితె అందేటట్టున్నయి."

నాకు ఇన్నేళ్లూ తట్టని సంగతి అది. కమాన్లు వేసింది బయట. లోపల కూర్చున్నవాడికి అవి లేనట్టే. ఆయన వాటిని చూసింది మెట్ల మీద వరుసలో ఆగిన ఆ కొన్ని నిమిషాలే. అప్పటికప్పుడు విమానాన్ని నేల మీద నిలిపి, మెట్లు పెట్టించి, కెమెరాను ఎనిమిదో మెట్టు మీద మనిషి ఎత్తున పెట్టాను. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, తెల్ల రంగు మీద ఎర్ర గీతలు కొంచెం ఎత్తుగా ఉన్నట్టు కనిపించాయి. బాపు స్క్రీన్ దగ్గరికి వంగి ఒక్కో కిటికీ మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. జారిన కమాను దగ్గర వేలు ఆగింది. "గిది వంకరున్నది," అన్నాడు.

కాబట్టి నా మాట ఇది: 747-200 మోడల్ ఉన్నవాళ్లు తప్పకుండా ఎక్కించుకోండి. నా కంప్యూటర్ పెద్దదేమీ కాదు, పదహారు జీబీ ర్యామ్. దాని మీద కూడా వేగం తగ్గలేదు. ఎక్కించుకున్నాక రన్‌వే మీదికి ఉరకకండి. మెట్ల మీద కెమెరా పెట్టి ముందు అక్కణ్నుంచి చూడండి.

రాత్రి పూట మాత్రం ఒక తప్పు ఉంది. చీకటిలో వెలిగే భాగాలకు వేరే ఫైలు ఉంటుంది. అందులో కిటికీ అద్దంతో పాటు కమాను కూడా కలిసిపోయినట్టుంది, చీకటి పడగానే కమాన్లన్నీ ఎర్ర బల్బుల్లా వెలుగుతున్నాయి. వేసినాయనకు స్క్రీన్‌షాట్లతో రాశాను, జారిన కమాను సంగతి కూడా. జవాబు ఇంకా రాలేదు. బాపు పోయింది రాత్రి విమానంలో. ఈ వారం షాపులో ఆర్డర్లు తగ్గగానే ఆ ఫైలు తెరిచి, కమాన్లన్నీ ఒక్కొక్కటిగా నల్లగా మూసేస్తాను. అప్పటిదాకా మా ఇంట్లో బొంబాయిలో సాయంత్రం ఆరే.